గది నంబరు 204లో చప్పట్లు

కిందటి నెలలో ఓ మధ్యాహ్నం 204 గదికి తాళం వేయబోతుంటే ఆఖరి బెంచీ సందులో మడతపెట్టిన చీటీ కనిపించింది. నోట్సులోంచి చింపిన కాయితం, ఆకుపచ్చ జెల్‌పెన్ను. "మేడమ్, టీవీలో బొమ్మ కదులుతోంది. సార్ పెదాలు కదులుతున్నాయి. మా దాకా వచ్చేది అంతే." కింద సంతకం లేదు. గోదారి పిల్లలకి వెటకారం ఎవరూ నేర్పక్కర్లేదు కదా, మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ బెంచీ మీదే కూర్చుని ఇంకోసారి చదివాను. ఈసారి రాలేదు.

నిజానికి నేను మేడమ్‌ని కాదు. మా యూనివర్సిటీ కేంపస్‌లో క్లాసురూముల ప్రొజెక్టర్లు, ప్యానెళ్లు, మైకులు, స్పీకర్లు చూసుకునే టెక్నీషియన్ని. 2007లో చేరాను. నలభై దాటి చాన్నాళ్లయినా ఇప్పటికీ "ప్రొజెక్టర్ అమ్మాయిని పిలవండి" అనే అంటారు. పిలిస్తే వెళ్తాను. వెళ్లి చూస్తే చాలాసార్లు ప్లగ్గు పెట్టి ఉండదు. లేదా ప్లగ్గు ఉంటుంది, స్విచ్చి వేసి ఉండదు. "మీరొస్తే చాలమ్మా, అదే పనిచేస్తుంది" అంటారు లెక్చరర్లు. ఆయ్, అలాగేనండి అనేసి వచ్చేస్తాను. కానీ ఆ చీటీకి మాత్రం ప్లగ్గు పెడితే సరిపోదని అప్పుడే తెలిసింది. ఎందుకంటే ఆ జబ్బు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

మా నాన్నది మైకుసెట్టు. అంబాజీపేట దగ్గర మా ఊరు. రెండు ఆంప్లీఫైర్లు, ఎనిమిది హారన్లు, వైరు చుట్టలు, ఒక రికార్డు ప్లేయరు. ఇదీ మా ఆస్తి. పెళ్లికీ, దసరాకీ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ నాన్న సైకిలు వెనక హారన్ కట్టుకుని బయల్దేరేవాడు. కొబ్బరిచెట్టు మీద కట్టాలంటే దింపు తీసేవాళ్లని బతిమాలాలి. వాళ్లు పైకెక్కాక "ఎటు తిప్పమంటావు?" అని అరిచేవారు, నాన్న కింద నుంచి చేత్తో చూపించేవాడు. మిగతా మైకుసెట్ల వాళ్లకి మనది ఎన్ని ఊళ్లకి వినపడింది అన్నదే పట్టుదల. నాన్న పట్టుదల వేరు. అది నాకు 1991 పుష్కరాల్లో తెలిసింది.

ఆ పుష్కరాలకి కోటిపల్లి రేవులో, తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే మైకు నాన్నకి దక్కింది. నాకు పదకొండేళ్లు. బడి మానిపించి మరీ తీసుకెళ్లాడు, చీటీలు అందించడానికి. రేవు పొడవునా స్తంభాలకి ఆరు హారన్లు, మూడు ఇటు చూస్తూ, మూడు అటు చూస్తూ. మొదటి రోజు పొద్దున్నే ఒకావిడ తడిబట్టలతో ఏడుస్తూ వచ్చింది, ఆరేళ్ల పిల్ల కనపడట్లేదని. నాన్న పేరు చదివాడు. దగ్గరి హారన్లోంచి పేరు వచ్చింది. అది అయ్యీ అవకుండానే దూరంగా ఉన్న హారన్లోంచి అదే పేరు మళ్లీ వచ్చింది. రెండూ కలిసి ఏ పేరూ కాకుండా పోయింది. పక్కనున్న వాలంటీరు "సౌండు పెంచవయ్యా" అని కేకలేస్తున్నాడు. నాన్న తగ్గించాడు.

"మాట మాటని తొక్కేస్తోందే అమ్మడూ" అని నాతో అని, నిచ్చెన వేయించుకుని, ఎదురెదురుగా ఉన్న హారన్లన్నీ ఒకేవైపు తిప్పించాడు. మధ్యలో రెండు అసలు పీకేశాడు. తర్వాత మైకు దగ్గర కూర్చుని పిల్ల పేరు చదివి, ఆగి, మనసులో మూడు లెక్కపెట్టి, మళ్లీ చదివాడు. మధ్యాహ్నానికి పిల్ల దొరికింది. మైకు వల్ల దొరికిందో, బఠాణీల బండి దగ్గర నిలబడి ఉంటే ఎవరైనా చూసి పట్టుకొచ్చారో నాకు తెలీదు. నాన్న మాత్రం ఆ రాత్రి రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు.

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 1,125 అడుగులు పోతుందని, మూడొందల అడుగుల అవతలున్న హారన్ మాట మన చెవికి పావు సెకను వెనకబడి వస్తుందని నేను డిగ్రీలో చదువుకున్నాను. నాన్న ఆరో తరగతితో ఆపేశాడు.

సరే, 204 సంగతి.

మా కేంపస్‌లో ఇప్పటికీ ఒక పాత బ్లాకు ఉంది. మంగళూరు పెంకుల కప్పు, కింద చెక్క దూలాలు, రెండు వైపులా నిలువెత్తు కిటికీలు. అందులో ఎనభై మంది కూర్చున్నా ఫిజిక్స్ మేష్టారు మైకు లేకుండా చెప్పేసేవారు. ఆయనది పెద్ద గొంతేమీ కాదు. వానొస్తే మాత్రం పెంకుల మీద చప్పుడుకి పాఠం ఆపి, వాన తగ్గేదాకా లెక్కలు చేసుకోమనేవారు. ఇప్పుడు ఆ బ్లాకులో పరీక్ష పేపర్ల కట్టలు పెడుతున్నారు.

నేను చేరేటప్పటికి ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు ఆఖరి రోజుల్లో ఉన్నాయి. పారదర్శకంగా ఉండే షీటు మీద స్కెచ్‌పెన్నుతో రాసి గాజుపలక మీద పెడితే, కింద నుంచి హాలోజన్ బల్బు వెలుగు పైకొచ్చి, అద్దంలో మలుపు తిరిగి, వెనక గోడ మీద పడేది. ముతక యంత్రమే. కానీ దాంట్లో రెండు మంచి గుణాలుండేవి, అప్పుడు ఎవరం గమనించలేదు. ఒకటి, గదిలో వెలుతురున్నా అక్షరం కనపడేది. రెండు, మేష్టారు షీటు మీద రాస్తున్నంతసేపూ మొహం పిల్లల వైపే ఉండేది. నోరు ఎటుంటే మాట అటు పోతుంది.

తర్వాత సీలింగుకి వేలాడే ఎల్‌సీడీ ప్రొజెక్టర్లు వచ్చాయి. అప్పుడే కిటికీలకి మూడింది. ప్రొజెక్టరుకి నలుపు వేయడం రాదు. తెర మీద మనకి కనిపించే నలుపంతా అది వెలుగు వేయకుండా వదిలేసిన జాగాయే. కిటికీలోంచి ఎండ పడిందా, ఆ నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, అక్షరం కరిగిపోతుంది. మన గోదారి జిల్లాల ఎండలో మూడు వేల ల్యూమెన్ల ప్రొజెక్టరు ఏపాటి? అందుకని అద్దాలకి నల్ల ఫిల్ము అంటించారు. ఫిల్ము అంటించాక ఉక్కపోత. ఉక్కపోతకి ఏసీ. ఏసీ పెట్టాక కిటికీలు ఎలాగూ తెరవరు. "దళసరి గుడ్డ తెరలు కుచ్చులు వచ్చేలా వేయిస్తే మేలు సార్" అని కాయితం రాసి ఇచ్చాను. ప్లాస్టిక్ పట్టీల బ్లైండ్లు వచ్చాయి. తుడుచుకోవడం తేలికని.

ఆ ప్రొజెక్టర్లతో నేను పడ్డ పాట్లు ఒక పోస్టుకి చాలవు. దీపం లోపల పాదరసపు ఆవిరి మంచి ఒత్తిడిలో ఉంటుంది, ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరిగి చల్లార్చాలి. ఫ్యాను తిరుగుతుండగానే కరెంటు పోతే దీపం ఆయుష్షు తగ్గినట్టే. ఏప్రిల్లో దాళ్వా కోతలప్పుడు చేల మీంచి వచ్చే దూగర ఫిల్టరు నిండా పేరుకునేది. వానాకాలం కంప్యూటరు నుంచి బొమ్మ తెచ్చే వీజీఏ వైరు పిన్నులు చిలుమెక్కేవి. పదిహేను పిన్నుల్లో ఒక్కటి వంగినా బొమ్మంతా ఆకుపచ్చగానో గులాబీగానో వచ్చేది. ఒక బోటనీ మేడమ్ అదే బాగుందని క్లాసంతా ఆకుపచ్చలోనే చెప్పేశారు.

మూడేళ్ల క్రితం 204కి టచ్ ప్యానెల్ వచ్చింది, వేలితో రాసే పెద్ద టీవీ లాంటిది. 75 అంగుళాలు. దాని గురించి పూర్తిగా చెడ్డగా చెప్పను. ఎండలోనూ కనపడుతుంది. దీపం పోవడం లేదు, ఫిల్టరు లేదు. మరి ఎండలో కనపడేటప్పుడు కిటికీలు మళ్లీ తెరవొచ్చుగా? తెరవలేదు. ఏసీ ఉందిగా.

ప్యానెల్ అంచుల్లో కంటికి కనపడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. వేలు పెడితే కిరణం తెగుతుంది, ఎక్కడ తెగిందో లెక్క చూసుకుని ప్యానెల్ అక్కడ గీత గీస్తుంది. మరి వేలే పెట్టాలని ఏముంది? తొలకరి వాన పడ్డ సాయంత్రం సర్టిఫికెట్ కోర్సు క్లాసు జరుగుతోంది. తలుపు సందులోంచి ఉసిళ్లు వచ్చి వెలుగుతున్న ప్యానెల్ మీద వాలాయి. వాలిన చోటల్లా చుక్కలు పడ్డాయి. వాటి కోసం ట్యూబులైటు వెనక నుంచి బల్లి దిగింది. బల్లి పరిగెత్తిన దారంతా ఎర్ర గీత. లెక్చరరు చెరపడం, బల్లి గీయడం. చివరికి ప్యానెల్ ఆపేసి సుద్దముక్కతో చెప్పారు. ఆ రోజే బాగా అర్థమైందని పిల్లలు అన్నట్టు విన్నాను.

కొనేముందు ఎవరూ నన్ను అడగలేదు గానీ, మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. అక్షరాలు చదవాలంటే ఆఖరి మనిషి తెర ఎత్తుకి ఆరు రెట్ల కంటే దూరంలో కూర్చోకూడదు. 75 అంగుళాలంటే మూల నుంచి మూలకి. ఎత్తు చూస్తే 37 అంగుళాలే. ఆరు రెట్లంటే పద్దెనిమిదిన్నర అడుగులు. 204 పొడవు 40 అడుగులు. అంటే గదిలో సగం మందికి అది షాపు బయట నిలబడి చూసే టీవీ. కొటేషన్లో ప్యానెల్ గురించి ఒకటిన్నర పేజీ ఉంది. శబ్దం గురించి 'అంతర్గత స్పీకర్లు కలవు' అని ఒక్క ముక్క. ప్యానెల్ అడుగున, నేల వైపు చూస్తూ, అరచేతిలో పట్టేంత స్పీకర్లు రెండు ఉన్నాయి. కలవు.

దానికి తోడు లెక్చరరు ప్యానెల్ మీద రాస్తూ ప్యానెల్‌తోనే మాట్లాడతాడు. మాట గాజుకి తగిలి, టైల్సుకి తగిలి, నున్నగా పుట్టీ పెట్టిన గోడలకి తగిలి, గదంతా ఊరేగి, ఆఖరి బెంచీకి చేరేటప్పటికి ముందరి మాట మీద వెనకటి మాట ఎక్కి ఉంటుంది. కోటిపల్లి రేవే. కాకపోతే ఇక్కడ హారన్లు లేవు, గోడలే హారన్లు.

చీటీ దొరికిన మర్నాడు ఆదివారం. తాళం తీసుకుని వెళ్లి, గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాను. నాన్న కల్యాణమండపాల్లో సామాను దించకముందే చేసే పని అది. చప్పట కొట్టి, తలొంచుకుని, చప్పుడు ఎప్పుడు చస్తుందా అని వినేవాడు. 204లో చప్పుడు చావలేదు. గణగణమని తిరుగుతూనే ఉంది. మా అబ్బాయి పుట్టినరోజుకి మిగిలిన బుడగలు పట్టుకెళ్లాను. ఒక్కొక్కటే పగలగొట్టి ఫోన్లో రికార్డు చేసి, చప్పుడు పూర్తిగా అణగడానికి ఎంత పడుతోందో చూశాను. ఖాళీ గదిలో మూడు సెకన్ల పైనే. అమెరికావాళ్లు క్లాసురూములకి పెట్టుకున్న ప్రమాణంలో ఇంత గదికి, అదీ ఖాళీగా ఉన్నప్పుడు, 0.7 సెకను దాటకూడదు.

ఈ లెక్క మొదట కట్టినాయన వాలెస్ క్లెమెంట్ సబీన్, హార్వర్డ్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాడు. మా పాత మేష్టారే ఒకప్పుడు ఈయన కథ చెప్పారు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్త లెక్చర్ హాలు కట్టారు, తీరా చూస్తే ఎవరేం మాట్లాడినా తెలియట్లేదు. సంగతేంటో చూడమని ఈయనకి అప్పజెప్పారు. మామూలుగా అన్న మాట అయిదున్నర సెకన్లు గదిలోనే తిరిగేదట. ఆయన చేతిలో ఉన్నవి ఒక ఆర్గన్ గొట్టం, టైము చూసుకునే గడియారం, సొంత చెవులు. ఊరు సద్దుమణిగాక రాత్రిపూట హార్వర్డ్‌లోనే ఉన్న శాండర్స్ థియేటర్లోని కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, కొన్ని పరిచి కొలిచి, ఇంకొన్ని పరిచి కొలిచి, మళ్లీ వాటి చోట వాటిని పెట్టించేవాడు. ఒంటి మీద బట్టలు మారినా లెక్క మారుతోందని తెలిశాక కొలతలన్నిటికీ ఒకే జత వేసుకున్నాడు. ఒక మనిషి ఒళ్లు దాదాపు ఆరు దిండ్లంత చప్పుడు మింగుతుందని తేల్చాడు. చప్పుడు మింగే శక్తికి ఆయన పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన చప్పుడు తిరిగి రాదు కాబట్టి, చదరపు అడుగు తెరిచిన కిటికీ అంటే పూర్తిగా మింగేసే ఒక అడుగు.

మేష్టారు చెప్పినప్పుడు అది కథలాగే విన్నాను. ఆ ఆదివారం టేపు పట్టుకుని 204 కొలిచాక వేరేగా వినపడింది. 40 అడుగుల పొడవు, 25 వెడల్పు, 12 ఎత్తు. అంటే 12,000 ఘనపుటడుగులు. దాన్ని గది మింగే శక్తితో భాగించి 0.049తో గుణిస్తే సెకన్లు వస్తాయి. టైల్సు, పుట్టీ గోడలు, ఆర్‌సీసీ కప్పు, ఇనప బెంచీలు అన్నీ కలిపి మింగేది 180 చదరపు అడుగుల కిటికీ పాటి కూడా దాటదు. 3.3 సెకన్లు తేలింది, బుడగ చెప్పిందీ దరిదాపు అదే. డెబ్బై మంది పిల్లలు కూర్చుంటే 1.2కి దిగుతుంది. సగం మందే వస్తే 1.7. అంటే పాఠం తెలియక పిల్లలు మానేస్తున్నారు, వాళ్లు మానేసిన కొద్దీ ఉన్నవాళ్లకి ఇంకా తెలియకుండా పోతోంది. అటెండెన్సు గురించి మీటింగుల్లో చాలా కారణాలు విన్నాను, ఇది ఎవరూ చెప్పగా వినలేదు.

ఇక ఆరు కిటికీలు. ఒక్కోటి నాలుగడుగులకి నాలుగున్నర. మొత్తం 108 చదరపు అడుగులు. గది ఇప్పుడు మొత్తం మింగేదానిలో సగానికి పైబడ్డంత జాగాని బొమ్మ కోసం మూసేసి, పైన ఫిల్ము అంటించాం. తెరిస్తే మాత్రం అంతా బాగుపడుతుందని కాదు. కాలవ గట్టు మీద ఆటోల హారన్లు, మాఘమాసంలో పెళ్లి డీజేలు లోపలికొస్తాయి. పాత బ్లాకు కట్టినప్పుడు ఆ రెండూ లేవు.

నేనేం చేయలేదని కాదు, చాలా చేశాను. మొదట పిల్లల గోల మీద రెండు పెద్ద బాక్సులు కొనిచ్చారు. "వాల్యూమ్ పెంచమ్మా" అన్నారు. పెంచితే మాటతో పాటు గోడల మోత కూడా అంతే పెరిగింది. ఇంకా పెంచితే కూత. బాక్సులోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకి, మైకులోంచి మళ్లీ బాక్సులోకి. ముందు బెంచీ పిల్లలు చెవులు మూసుకున్నారు, వెనక బెంచీ పిల్లలు అలాగే ఉన్నారు. ఆ రెండూ సెమినార్ హాలుకి పంపేసి, చిన్న బాక్సులు నాలుగు పక్క గోడలకి, పిల్లల తలల వైపు కొంచెం వంచి, తక్కువ సౌండులో పెట్టాను. మండపాల్లో నాన్న పద్ధతే. కొంత నయం.

మైకు సంగతి ఇంకోటి. మగ లెక్చరర్లకి కాలర్ మైకు చొక్కాకి పెడితే సరిపోతుంది. చీర కట్టుకున్నవాళ్లకి అది పెట్టడం ఒక విద్య. పమిట కుచ్చిళ్ల మీద పెడితే గుడ్డ రాపిడి గాలివానలా వినపడుతుంది. మధ్యలో పెడితే నల్లపూసలు తగిలి టకటకమంటాయి. గడ్డానికి జానెడు కింద, గొలుసు తగలని వైపు, జాకెట్టు అంచుకి పెట్టి, వైరుకి వెనక ఒక చిన్న మెలిక వేసి పిన్నీసు పెట్టాలి. నోటికీ మైకుకీ దూరం రెట్టింపయితే చప్పుడులో ఆరు డెసిబెల్స్ పోతాయి, అందుకని నడుం దగ్గర పెట్టుకుని పెద్దగా అరవడం దండగ. ఈ మైకు తయారుచేసినవాళ్లలో చీర కట్టుకునే మనిషి ఒక్కరూ ఉండి ఉండరని నా అనుమానం.

ఆపడం మర్చిపోవడం మరో బాధ. ఒకాయన కాలర్ మైకు అలాగే ఉంచుకుని స్టాఫ్ రూముకి వెళ్లారు. ఆ పావుగంట 204లో పిల్లలు డీఏ బకాయిల గురించి శ్రద్ధగా విన్నారు. అదొక్కటీ చాలా స్పష్టంగా తెలిసిందట. మైకు ఆయన గడ్డం కిందే ఉంది మరి.

లాప్‌టాప్ ఛార్జరు పెట్టగానే బాక్సుల్లో బొంయ్‌మని మోత వచ్చే గది ఇంకోటి ఉంది. యాభై హెర్ట్‌జ్, అంటే మన కరెంటు మోతే. ఛార్జరు తీస్తే పోతుంది. లాప్‌టాప్ ఎర్తూ ఆంప్లీఫైర్ ఎర్తూ ఆడియో వైరు ద్వారా చుట్టం కలుపుకుంటాయి, వాటిని విడదీయడానికి వేలెడంత ట్రాన్స్‌ఫార్మరు పెడితే చాలు. అది వచ్చేదాకా మేలో ఎర్తు గుంట ఎండిపోకుండా రెండ్రోజులకోసారి బకెట్టు నీళ్లు పోయించాను. ఉప్పూ బొగ్గూ వేసిన గుంట తడిగా ఉంటేనే పనిచేస్తుంది. అటెండరు చూసి "మొక్కేం లేదుగా అమ్మా అక్కడ" అన్నాడు.

2022 జులై వరదల్లో లంకల్లోని పిల్లలు కొన్నాళ్లు రాలేదు. ఊళ్లలోకి నీళ్లు, కరెంటు లేదు, ఫోను ఛార్జింగుకి పడవ మీద రావాలి. క్లాసులు వీడియో తీసి పంపిద్దామని ఒక మేడమ్ ముచ్చటపడ్డారు. నేను ట్రైపాడ్ వేసి, లైట్లు పెట్టి గంట పాఠం తీస్తే మూడొందల ఎంబీ దాటింది. ఒక అమ్మాయి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది: "బొమ్మ వద్దు మేడమ్, గొంతు పంపండి." ఆడియో ఒక్కటే తీసి కుదిస్తే అదే గంట పద్నాలుగు ఎంబీ. మైకు మీద చేతిరుమాలు కప్పి, పాత బ్లాకులో పేపర్ల కట్టల మధ్య మేడమ్‌ని కూర్చోబెట్టి రికార్డు చేశాం. పేపర్ల కట్టలు చప్పుడు ఎంత బాగా మింగాయంటే, స్టూడియో అనుకున్నారు. ఆ పాఠాలు ఇప్పటికీ పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి. ట్రైపాడ్ వేసి తీసిన వీడియో ఎవరి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.

ఆ పేపర్ల కట్టలే నాకు దారి చూపించాయి. చప్పుడు మింగడానికి మెత్తగా, దళసరిగా, సందులు సందులుగా ఉండేది కావాలి. కోనసీమలో పుట్టి, అదెక్కడ దొరుకుతుందా అని ఆన్‌లైన్లో రెండు వారాలు వెతికాను, సిగ్గులేకపోతే సరి. విదేశీ ఫోము పలకల ధర చూసి మూసేశాక గుర్తొచ్చింది, మా బావది పీచు మిల్లు.

"పరుపుల్లో పెట్టే పీచు పలకలు కావాలి బావా, రెండంగుళాల మందం, రబ్బరు పాలు కొట్టనివి, ఆరడుగులకి మూడడుగులు, పదహారు."

"యూనివర్సిటీలో పడుకుంటారేంటి మరదలా?"

"ఇప్పుడు పడుకుంటన్నారు. ఇవి లేపడానికి."

బావ డబ్బులు తర్వాత చూద్దాంలే అని వ్యాన్లో వేసి పంపాడు. అప్పుడు మా ఇంజినీరింగ్ సెక్షన్లో ఒకాయన అడ్డం పడ్డారు, పీచు అంటుకుంటే ఎవరిది బాధ్యత అని. కోపమొచ్చింది గానీ, ఆయన అన్నది నిజం. కెమిస్ట్రీ ల్యాబువాళ్లని అడిగి బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో పలకలు ముంచి మేడ మీద ఆరబెట్టాను. ఒక ముక్కకి ఆయన ఎదురుగానే అగ్గిపుల్ల పెట్టాం. నల్లగా మాడి ఆగిపోయింది. అయినా స్విచ్చిబోర్డులకి దూరంగా, ఈ ఒక్క గదిలో, ప్రయోగం కింద మాత్రమే అని రాయించుకున్నారు. చెక్క చట్రాల్లో బిగించి, పైన నేత గుడ్డ కప్పి, గోడకి ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా కట్టాం. ఆ సందు ఉంటేనే మంద్రంగా ఉండే చప్పుడు కూడా కొంత మింగుతుంది. ఎక్కువ పలకలు ప్యానెల్‌కి ఎదురుగోడకి కట్టాను, ప్యానెల్ మీంచి తిరిగిన మాట పోయి ఎదురుగా తగిలేది అక్కడే కాబట్టి.

మళ్లీ బుడగ. ఖాళీ గదిలో 3.3 కాస్తా 1.8కి దిగింది. 0.7కి ఇంకా ఆమడదూరం. సగం క్లాసు ఉంటే 1.2, అంటే ఇంతకుముందు నిండు క్లాసులో ఎంతో ఇప్పుడు సగం క్లాసులో అంత. మిగతా గదులకి కూడా కావాలని ఫైలు పెట్టాను. పదిరోజులకి తిరిగొచ్చింది. ఇది ఎలక్ట్రానిక్స్ కింద కొనాలా, ఫర్నిచరు కిందా, సివిల్ కిందా అని ప్రశ్న. పక్కన ఎవరో పెన్సిల్‌తో 'పరుపులు?' అని రాశారు.

మొన్న శనివారం నాన్న వచ్చాడు, కళ్ల డాక్టరుకి చూపించుకోవడానికి. డెబ్బై ఎనిమిదేళ్లు. హారన్ల పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవులు, ఇప్పుడు రెండింటికీ మిషన్లు. ఇంట్లో టైల్సు వేయించాక ఆయనతో ఏం చెప్పాలన్నా రెండుసార్లు చెప్పాల్సొస్తోంది. మాట పెద్దదవుతుంది గానీ తెలియదు అంటాడు. చీటీ సంగతి చెబితే చూస్తానన్నాడు. ఆదివారం పొద్దున తీసుకెళ్లాను.

గడపలోనే ఆగి చప్పట కొట్టాడు. తలొంచుకుని విన్నాడు. ఏమీ అనలేదు. నెమ్మదిగా బెంచీల మధ్య నడుచుకుంటూ, ఒక్కో పలకనీ చేత్తో తడుముకుంటూ వెళ్లి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. నేను ప్యానెల్ దగ్గర నిలబడి ఉన్నాను. మైకు వేయలేదు. గొంతు పెంచకుండా, మామూలుగా అన్నాను.

"నాన్నా, కాఫీ తాగుదామా?"

"తాగుదాం గానీ" అన్నాడు అక్కడి నుంచి, "ఈ ఎడమ మూల తక్కువ కట్టావు. ఇంకో రెండు తెప్పించు. ఇక్కడింకా మోగుతోంది."